ఓరుగల్లు గన్నయ్య... ఢిల్లీ మక్బూల్!

మీ ముత్తాత పేరు చెప్పండి చూద్దాం. తడుముకోకుండా చెప్పేశారా? సంతోషం. మరి ఆయన తండ్రి పేరు? అక్కడికొచ్చేసరికి మనలో చాలామందిమి ఇంట్లో పెద్దవాళ్ల వంక చూస్తాం. పెద్దవాళ్లేమో పైకప్పు వంక చూస్తారు. తద్దినం నాడు పురోహితుడు అడిగేది కూడా మూడు తరాలే కదా... తండ్రి, తాత, ముత్తాత. నాలుగో మనిషి లెక్కలోంచి జారిపోతాడు. సొంత ఇంట్లో నాలుగో తరమే తెలియని మనం, ఏడువందల ఏళ్ల కిందటి ఒక పరాయి మనిషి పుట్టుపూర్వోత్తరాలు వెతకబోతే నలుగురూ నవ్వుతారు. నవ్వితే నవ్వనీయండి. ఈ వారం ఆ పనే చేద్దాం. ఎందుకంటే ఆ పరాయి మనిషి వరంగల్ వాడు. ఓడిపోయిన రాజుగారి కొలువులోంచి బయల్దేరి, ఓడించిన వాళ్ల రాజ్యానికే ప్రధానమంత్రి అయినవాడు. ఢిల్లీలో ఆయన సమాధి ఉంది. ఓరుగల్లులో ఆయన పేరు మీద ఒక్క వీధయినా ఉన్నట్టు నేను వినలేదు.

ముందు ఆ సమాధి దగ్గరికి వెళదాం. ఢిల్లీలో హజ్రత్ నిజాముద్దీన్ దర్గా ఉంది కదా, దానికి దక్షిణంగా ఇరుకు సందుల్లో పడి నడిస్తే వస్తుంది. ఎనిమిది పలకల కట్టడం. మధ్యలో గది, చుట్టూ వరండా, ఒక్కో వైపు మూడేసి ఆర్చీలు, నడుమ పెద్ద గుమ్మటం, చుట్టూ చిన్న గుమ్మటాలు. అంతకుముందు ఢిల్లీలో పెద్దవాళ్ల సమాధులంటే ఎక్కువగా నలుపలకలవే. చుట్టూ వరండాతో ఎనిమిది పలకల సమాధి కట్టడం ఆ నగరంలో దీంతోనే మొదలైందని వాస్తు చరిత్ర తెలిసినవాళ్లు చెబుతారు. లోడీ గార్డెన్‌లో పర్యాటకులు ఫొటోలు దిగే మహమ్మద్ షా సయ్యద్ సమాధి, హుమాయూన్ సమాధి ఆవరణలో కనిపించే ఈసాఖాన్ సమాధి, ఆ మాటకొస్తే బీహార్లోని ససారంలో చెరువు నడుమ షేర్‌షా సమాధి... ఇవన్నీ దీని పిల్లలూ మనవలే. పిల్లల్ని చూడటానికి జనం పనిగట్టుకుని వెళతారు. పెద్దాయన చుట్టూ మాత్రం ఇళ్లు మొలిచాయి. గోడల్ని ఆనుకుని, వరండాల్లో సైతం కుటుంబాలు కాపురాలు పెట్టాయి.

అందులో పడుకున్నాయన పేరు ఖాన్-ఇ-జహాన్ మక్బూల్. పేరు చివర ఒక తోక ఉంది. తిలంగానీ. అంటే తెలంగాణ వాడు.

ఆయన గురించి మనకు తెలిసిందంతా ముఖ్యంగా ఒకాయన చలవ. షమ్స్ సిరాజ్ అఫీఫ్ అనే పారశీక చరిత్రకారుడు. ఫిరోజ్‌షా తుగ్లక్ పాలన గురించి పెద్ద పుస్తకం రాశాడు. అఫీఫ్ తండ్రి ఆ దర్బారులోనే పనిచేశాడు. తనూ వజీరు కార్యాలయానికి వెళ్లొస్తూ ఉండేవాడు. కాబట్టి ఊళ్లో విన్న కబుర్లు కాదు, ఆఫీసు కబుర్లు రాశాడన్నమాట. ఆయన చెప్పిన సంగతి క్లుప్తంగా ఇదీ: ఈ వజీరు తెలంగాణ నుంచి వచ్చాడు. అక్కడి రాయలవారి దగ్గర పెద్ద హోదాలో, మంచి మన్ననతో ఉండేవాడు. సుల్తాను ఆ రాయల్ని పట్టుకుని ఢిల్లీకి పంపితే దారిలోనే చనిపోయాడు. ఈయన మాత్రం ఢిల్లీ చేరి, ఇస్లాం తీసుకుని మక్బూల్ అయ్యాడు. చదవడం రాయడం రాదు. కానీ బుర్ర పాదరసం.

మరి మక్బూల్ కాకముందు ఆయన పేరేమిటి? అఫీఫ్ ఆ పేరూ రాశాడు. సమస్యల్లా అక్కడే మొదలవుతుంది. కొన్ని పుస్తకాల్లో అది 'కట్టు' అని ఉంటుంది, కొన్నింటిలో 'కన్ను' అని. వినడానికి రెండూ వింతగానే ఉన్నాయి కదూ! ఈ చిక్కు సంగతి కాసేపట్లో చూద్దాం.

ముందు రాయలవారి కథ. 1323లో ఓరుగల్లు కోట పడిపోయింది. అంతకుముందే ఇరవై ఏళ్లుగా ఢిల్లీ సైన్యాలు వస్తూ పోతూ ఉన్నాయి. 1303లో వచ్చినవాళ్లని ఉప్పరపల్లి దగ్గర మనవాళ్లు తరిమికొట్టారు. 1309-10లో మాలిక్ కాఫూర్ వచ్చాడు. 1318లో ఖుస్రూఖాన్. 1321లో ఉలుగ్‌ఖాన్ వచ్చి, ముట్టడి కుదరక వెనక్కి పోయి, 1323లో మళ్లీ వచ్చాడు. ఐదు నెలలు కోటను దిగ్బంధం చేశాడు. లోపల తిండి అయిపోయింది. ప్రతాపరుద్రుడు లొంగిపోయాడు. ఢిల్లీకి తీసుకుపోతుంటే నర్మద ఒడ్డున కన్నుమూశాడు. మన శాసనాలు కూడా ఇదే చెబుతున్నాయి. ప్రోలయ నాయకుడి విలస తామ్ర శాసనం నది పేరు చెప్పింది. వందేళ్ల తర్వాత, 1423 నాటి కలువచేరు శాసనమేమో, రాజు తన ఇష్టంతోనే స్వర్గానికి వెళ్లాడని ఒక్క మాటలో తేల్చింది. ఆత్మహత్య అని మనం అర్థం చేసుకోవాలి కాబోలు.

అఫీఫ్ మాట, మన శాసనాల మాట ఇక్కడ సరిగ్గా అతికాయి. ఒకరినొకరు ఎరగని ఇద్దరు సాక్షులు ఒకే మాట చెబితే కోర్టులో దానికి విలువెక్కువ. కాబట్టి అఫీఫ్ వజీరు గురించి చెప్పిందీ నమ్మొచ్చు. ఓరుగల్లు కొలువులో ఒక పెద్ద మనిషి, రాజుతోపాటు దారిలో పోకుండా మిగిలి, ఢిల్లీలో కొత్త జన్మ ఎత్తాడు. ఎవరతను?

ఇక తెలుగు వైపు వెతకాలి. ఇక్కడ వంశవృక్షాలు ఎక్కడుంటాయి? మన దగ్గర అలాంటి రికార్డులు లేవని చాలామంది అనుకుంటారు. నిజానికి మన దగ్గరున్నన్ని రకాలు ఇంకెక్కడా ఉండవేమో. శాసనం అంటేనే సగం వంశవృక్షం. దానం సంగతి నాలుగు ముక్కల్లో ఉంటే, దాత తాతముత్తాతల ముచ్చట నలభై ముక్కల్లో ఉంటుంది. కాకతీయుల మొదటి తరాల పేర్లు మనకు తెలిసింది ఒక ఆడపడుచు పుణ్యమా అని. గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ బయ్యారంలో చెరువు తవ్వించి, ఆ గట్టు మీద శాసనంలో తన పుట్టింటి వాళ్ల పేర్లు వెన్నడి దగ్గర్నుంచి వరసగా చెక్కించింది. మగమహారాజుల శాసనాలు ఎన్నో ఉన్నా అంత వివరంగా చెప్పింది ఆమే. పుట్టింటి మీద ఆడపిల్లకుండే మమకారం అలాంటిది మరి.

రాతి మీద రాసుకోలేని వాళ్లకు గొంతులున్నాయి. కొన్ని కులాల ఇళ్లకు వచ్చి గోత్రాలు, ఇంటిపేర్లు, తాతల పేర్లు గడగడా చెప్పే పిచ్చకుంట్ల వాళ్లు ఉన్నారు. వాళ్లనిప్పుడు వంశరాజులంటున్నారు, ఆ పేరే సరైనది. పద్మశాలీల ఇళ్లకు కూనపులి వాళ్లు, మాదిగల ఇళ్లకు డక్కలి వాళ్లు వస్తారు. చేర్యాల నకాశీలు బొమ్మలు వేసిన బారెడు బారెడు గుడ్డ పటాలు విప్పి, కులం పుట్టుక కథ మొదలుపెట్టి, మీ గుమ్మం దాకా తీసుకొచ్చి ఆపుతారు. వాళ్ల లెక్కలో ఒక చిక్కుంది. ఎవరు పెడితే వాళ్ల పేరే ఉంటుంది. ఏ ఇంటాయన వడ్లు కొలవడం మానేశాడో ఆ ఇంటి కొమ్మ మెల్లగా ఎండిపోతుంది. శాసనాల్లోనూ, రాజుల చరిత్రల్లోనూ జరిగింది ఇదే కదా, డక్కలి వాళ్లనే అనడం ఎందుకు!

మూడోది, మనం బళ్లో చదువుకుని కూడా పట్టించుకోనిది... కావ్యాల అవతారిక. పాత తెలుగు కవి కథలోకి దిగకముందు తన పుస్తకాన్ని ఎవరికి అంకితమిస్తున్నాడో చెబుతాడు. ఆయన తాత ఎవరు, తండ్రి ఎవరు, తల్లి ఎవరు, ఏ రాజు దగ్గర ఏ ఉద్యోగం, ఏ యుద్ధంలో ఏం చేశాడు... అంతా పద్యాల్లో పెడతాడు. పరీక్షల కోసం చదివేటప్పుడు మనం ఈ పేజీలు గబగబా తిప్పేస్తాం. చరిత్ర వెతికేవాళ్లు మాత్రం కథ వదిలేసి ఈ పేజీలే చదువుతారు. రాజుల సంగతి శాసనాల్లో దొరుకుతుంది, రాజుల కింద పనిచేసినవాళ్ల సంగతి దొరికేది ఇక్కడే.

అలా వెతికినప్పుడు దొరికాడు ఒకాయన. తిక్కన శిష్యుడు మారన తెలుగులో మార్కండేయ పురాణం రాశాడు. దాన్ని అంకితం తీసుకున్నవాడు నాగయ గన్నయ. నాగయ కొడుకు గన్నయ అనుకోండి. ప్రతాపరుద్రుడి సేనాని. అంకితం తీసుకుంటూ తన ఇంటి చరిత్ర అంతా కవిచేత చెప్పించుకున్నాడు. కాలం సరిపోయింది. రాజుకి దగ్గరి మనిషి, అదీ సరిపోయింది. ఇక పేరు. గన్నయ ఎక్కడ, అఫీఫ్ చెప్పిన 'కట్టు' ఎక్కడ?

ఇందాక దాటేసిన చిక్కు ఇప్పుడు విప్పుదాం. పారశీక లిపిలో మాట నడుమ వచ్చే 'త'కీ, 'న'కీ ఒంటి ఒకటే, చిన్న పన్ను లాంటి గీత. పైన రెండు చుక్కలు పెడితే 'త', ఒక్క చుక్క పెడితే 'న'. రాయసగాడి కలం కాస్త వణికినా, కాగితం మీద ఈగ వాలినా అక్షరం మారిపోతుంది. ఇంకో సంగతి. ఆ కాలపు రాతప్రతుల్లో 'క'కీ 'గ'కీ తేడా చూపించేవాళ్లే కాదు. రెండింటికీ ఒకే అక్షరం. ఇప్పుడు 'గన్ను' అని మనసులో అనుకుని పారశీకంలో రాయండి. చదివేవాడు 'కన్ను' అంటాడు. చుక్క ఒకటి ఎక్కువైతే 'కత్తు', ఇంగ్లీషులోకి పోయి తెలుగులోకి తిరిగొచ్చేసరికి 'కట్టు'! మన ఊరి గన్నయ్య మూడు భాషలు తిరిగి గుర్తుపట్టరాని వేషంలో వచ్చాడన్నమాట. ఆధార్ కార్డులో మీ ఇంటిపేరుకి జరిగిన అన్యాయం గుర్తొస్తే ఇది నమ్మడం కష్టం కాదు.

ఇది నిజమైతే ఒక గమ్మత్తుంది. వరూధిని, ప్రవరాఖ్యుల కథ మీకు తెలుసు. పెద్దన మనుచరిత్ర. హిమాలయాల్లో కాలికి రాసుకున్న లేపం కరిగి దారి తప్పిన బ్రాహ్మడు, ఆయన్ని చూసి మనసు పారేసుకున్న అప్సరస. ఆ కథకు పెద్దన మూలం మార్కండేయ పురాణం. తెలుగులో దాన్ని పెద్దన కంటే రెండువందల ఏళ్ల ముందే చెప్పినవాడు మారన. అంటే ప్రవరుడి కథను తెలుగు పద్యాల్లో కొలువు తీరి తొలిసారి విన్న శ్రోత ఈ గన్నయే. ఊరికి దూరంగా చిక్కుకుపోయి, ఇంటికి తిరిగి వెళ్లే దారి కోసం వెతుక్కున్న మనిషి కథ! ప్రవరుడికి అగ్నిదేవుడు సాయం చేశాడు, సాయంత్రానికి ఇల్లు చేరాడు. గన్నయ వెళ్లినచోటే ఉండిపోయాడు.

ఆగండి. 'నిజమైతే' అన్నాను. అనుమానం పెట్టుకోవాల్సిన చోట పెట్టుకోకపోతే ఇది వంశ చరిత్ర కాదు, సినిమా కథ అవుతుంది. అడ్డొచ్చే సంగతులు రెండున్నాయి. గన్న, గన్నమ, గన్నయ అనేవి ఆ రోజుల్లో అరుదైన పేర్లు కావు. ఇవాళ ఒక ఉత్తరంలో 'వరంగల్ శ్రీనివాస్' అని ఉంటే ఏ శ్రీనివాస్ అని పట్టుకుంటాం? రెండోది ఇంకా గట్టిది. అఫీఫ్ ఆ వజీరుకి చదువు రాదన్నాడు. చదువు రాని మనిషి పురాణం రాయించుకుని అంకితం తీసుకుంటాడా? దీనికి సమాధానం లేకపోలేదు. తెలుగు చదివినవాడైనా ఢిల్లీ దర్బారులో పారశీకం రాకపోతే నిరక్షరాస్యుడే. అమెరికా వెళ్లిన మన పెద్దవాళ్లు ఎయిర్‌పోర్టులో ఫారం నింపలేక నిలబడిపోతే అక్కడివాళ్లు ఏమనుకుంటారు? ఇంట్లో భారతం పద్యాలు కంఠతా వచ్చినా సరే! పైగా అంకితం తీసుకోవడానికి చదువే ఉండాలని లేదు, డబ్బూ అభిరుచీ ఉంటే చాలు. అయినా ఒప్పుకోవాలి. అవతారిక 1323కి ముందు సంగతి చెప్పి ఆగిపోయింది. అఫీఫ్ ఆ తర్వాతి సంగతితో మొదలుపెట్టాడు. తండ్రి పేరు నాగయ అని అఫీఫ్ ఒక్క ముక్క రాసి ఉంటే ఈ గొడవే లేకపోను. చిరిగిన కాగితం ముక్కలు రెండూ పక్కపక్కన పెడితే అంచులు కలిసినట్టే కనిపిస్తాయి. నా మటుకు నేను ఇద్దరూ ఒకరే అనుకోవడానికి ఎక్కువ మొగ్గుతాను. ప్రమాణం చేయమంటే మాత్రం చేయను.

ఇంకో తేనెతుట్టె ఉంది. కొందరు ఈ గన్నయకు 'యుగంధరుడు' అనే పేరు కూడా తగిలిస్తారు. యుగంధరుడు మనకు నాటకాల ద్వారా తెలిసిన మంత్రి. వేదం వేంకటరాయ శాస్త్రిగారు 1897లో ప్రతాపరుద్రీయం నాటకం రాశారు. అందులో రాజును ఢిల్లీకి పట్టుకుపోతే యుగంధర మంత్రి పిచ్చివాడి వేషంలో ఢిల్లీ వెళ్లి, రాజును విడిపించడమే కాదు, సుల్తానునే పట్టుకొస్తాడు. ఊరూరా ఆ నాటకం చూసి జనం చప్పట్లు కొట్టారు. ఓడిపోయిన జాతికి అలాంటి కథ కావాలి, తప్పులేదు. కానీ వంశవృక్షంలో నాటకం పాత్రను తెచ్చి కొమ్మకు అంటుకడితే పండ్లు కాయవు. అసలు చిత్రం ఏమిటంటే, కథలో మంత్రి ఢిల్లీని పట్టుకున్నాడు, చరిత్రలోనూ ఓరుగల్లు మనిషి ఒకడు ఢిల్లీని పట్టుకున్నాడు. పద్ధతే వేరు. అన్నట్టు, ఈయన మా వాడంటే మా వాడని ఇవాళ పోటీపడే కులాలూ తక్కువేం కాదు. బతికుండగా సొంత ఊరు దూరమైనవాడికి పోయాక ఇంతమంది చుట్టాలు.

ఢిల్లీ చేరాక ఆయన ఎక్కిన మెట్లు చూడండి. మొదట ఖివాముల్ ముల్క్ అనే బిరుదు, ముల్తాన్ జాగీరు. ప్రభుత్వ కాగితాల మీద 'మహమ్మద్ తుగ్లక్ బానిస మక్బూల్' అని సంతకం చేసేవాడట. తర్వాత ఉపమంత్రి. ఆ హోదాలోనే ఒకసారి సొంత ఊరికి వచ్చాడు... పాలించడానికి! అప్పటికి ఓరుగల్లు పేరు సుల్తాన్‌పూర్. 1336 ప్రాంతంలో ముసునూరి కాపయ నాయకుడు తిరగబడ్డాడు. మాలిక్ మక్బూల్ కోట వదిలి ఢిల్లీకి పారిపోయాడని బరనీ అనే ఇంకో చరిత్రకారుడు రాశాడు. ఆ మక్బూల్, మన మక్బూల్ ఒకరేనని చరిత్రకారుల అభిప్రాయం. ఆ రాత్రి కోటలోంచి బయటపడుతున్నప్పుడు ఆయన మనసులో ఏముందో ఏ శాసనమూ చెప్పదు. తను పుట్టి పెరిగిన నేల, తన భాష మాట్లాడే జనం, తనలాగే ఒకప్పుడు ప్రతాపరుద్రుణ్ని కొలిచిన నాయకుల తరం... వాళ్లే తనను తరుముతున్నారు. తరిమిన కాపయ నాయకుడు పెట్టుకున్న బిరుదు ఏమిటో తెలుసా? ఆంధ్రసురత్రాణుడు. సురత్రాణుడంటే సుల్తాను. ఒకాయన సుల్తాను కొలువులో చేరాడు, ఇంకొకాయన సుల్తాను పేరు తెచ్చి పెట్టుకున్నాడు. అప్పటి మనుషుల్ని ఇప్పటి గళ్లలో ఇమడ్చడం అంత తేలిక కాదు.

ఆ తర్వాత ఆయన మళ్లీ ఓరుగల్లు చూశాడని చెప్పే ఆధారమేదీ నా కంటపడలేదు. 1351లో మహమ్మద్ బిన్ తుగ్లక్ సింధులో చనిపోయాడు. ఢిల్లీలో పాత వజీరు ఒక పసివాణ్ని గద్దె మీద కూర్చోబెట్టాడు. సైన్యంతో వస్తున్న ఫిరోజ్‌షా ఇంకో వైపు. ఎటు వెళ్లాలి? మక్బూల్ ఢిల్లీ వదిలి ఫిరోజ్ దగ్గరికి నడిచాడు. ఓడ ఎటు ఒరుగుతుందో ఆయనకు తెలుసు. ఓడిన ఓడలో ఒకసారి ప్రయాణం చేసినవాడు కదా! ఫిరోజ్ ఆయన్ని వజీరుని చేశాడు. ఖాన్-ఇ-జహాన్ అయ్యాడు. తెలుగు మాట్లాడుతూ పెరిగిన మనిషి పదిహేడు పద్దెనిమిదేళ్లు ఢిల్లీ ఖజానా తాళాలు పట్టుకున్నాడు.

ఫిరోజ్‌షా దండయాత్రలకని నెలల తరబడి వెళ్లిపోయేవాడు. బెంగాల్, ఒరిస్సా, సింధు. 1360ల్లో తట్టా మీదికి వెళ్లినప్పుడు గుజరాత్ వచ్చే దారిలో సైన్యం రాన్ ఆఫ్ కచ్ ఉప్పుబురదలో చిక్కుకుపోయింది. ఆరు నెలలపాటు సుల్తాను బతికున్నాడో లేదో ఢిల్లీకి తెలియదు. ఇంటింటా ఏడుపులు. ఇంకొకడైతే ఏంచేసేవాడు? గద్దె ఖాళీగా కళ్లెదురుగా ఉంది, ఖజానా చేతిలో ఉంది. మక్బూల్ నగరంలో గట్టి కాపలా పెట్టాడు. ఇక దాచలేననుకున్నప్పుడు సుల్తాను క్షేమంగా ఉన్నాడని చెప్పే దొంగ ఉత్తరం ఒకటి సృష్టించి వేడుకలు చేయించాడు. ఢిల్లీ కుదుటపడింది. సుల్తాను తిరిగొచ్చి తన గద్దె మీద తను కూర్చున్నాడు. ఢిల్లీకి అసలు రాజు ఖాన్-ఇ-జహానే అని ఫిరోజ్ తరచూ అనేవాడని అఫీఫ్ రాశాడు. అదే అఫీఫ్ ఈయన అంతఃపురంలో రూమ్ నుంచి చైనా దాకా దేశదేశాల ఆడవాళ్లు రెండువేల మంది ఉండేవారనీ రాశాడు. ఆ అంకెకు నా పూచీ లేదు. పుట్టిన ప్రతి కొడుక్కీ పదకొండు వేల టంకాల భత్యం మాత్రం సుల్తాను మంజూరు చేశాడట. ఖజానా మీద భారం ఎంతో లెక్కలు వచ్చినవాళ్లు వేసుకోవచ్చు.

1368-69 ప్రాంతంలో చనిపోయాడు. సుల్తాను ఏడ్చాడు, ఊరంతా సంతాపం పాటించింది. వజీరు పదవి, బిరుదు కొడుక్కి వచ్చాయి. కొడుకు పేరు జూనాన్ షా. జూనా! 1323లో ఓరుగల్లు కోట కూల్చిన ఉలుగ్‌ఖాన్ గద్దె ఎక్కకముందు అసలు పేరు జూనానే. ఆయనే తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్. తన రాజుని పట్టుకుపోయిన మనిషి పేరును తన కొడుక్కి పెట్టుకున్నాడు. కృతజ్ఞతా, భయమా, బతకనేర్చిన తనమా? మీరే ఆలోచించండి. నాకైతే మూడూ కలిసినట్టే అనిపిస్తుంది.

జూనాన్ షా కట్టడాల పిచ్చోడు. ఢిల్లీలో ఏడు మసీదులు కట్టించాడంటారు. తండ్రి సమాధి కూడా ఆయనే కట్టించాడని ప్రతీతి. నిజాముద్దీన్‌లో సమాధికి దగ్గర్లోనే కాలీ మసీదు ఉంది, 1370-71 నాటిది. తుర్క్‌మాన్ గేటు దగ్గర 1387 నాటి కలాన్ మసీదు ఉంది. వాటి గుమ్మాల మీద శాసనాల్లో కట్టించినవాడి పేరు ఇలా ఉంటుంది: ఖాన్-ఇ-జహాన్ బిరుదు పొందిన జూనాన్ షా మక్బూల్, ఖాన్-ఇ-జహాన్ కొడుకు. అంతే. తాత పేరు లేదు. బయ్యారం చెరువు గట్టు మీద మైలాంబ చెక్కించిన వరస తలుచుకోండి. అన్ని తరాలు చెప్పుకునే నేల నుంచి వెళ్లినవాడి వంశం, ఢిల్లీ రాతి మీద రెండు తరాలకు కుదించుకుపోయింది. నాగయ అయినా, ఇంకొకరైనా, ఆ తాత ఓరుగల్లు మట్టిలోనే ఆగిపోయాడు. 1387లోనే రాకుమారుడితో తగవొచ్చి జూనాన్ షా మేవాత్‌కి పారిపోయాడు. పట్టి ఇచ్చారు, చంపేశారు. మరుసటేడు ఫిరోజ్‌షా పోయాడు. ఇంకో పదేళ్లకు తైమూర్ వచ్చి ఢిల్లీనే ఊడ్చేశాడు. పదకొండు వేల టంకాల భత్యం తీసుకున్న ఆ పిల్లల పిల్లలు ఎటు పోయారో మరి. ఉత్తరాదిన ఏ వీధిలోనో మన గన్నయ్య మనవల మనవలు ఇవాళ చాయ్ తాగుతూ ఉండొచ్చు, తెలుగు అనే భాష ఒకటుందని కూడా తెలియకుండా.

రాజు వంశానికి ఆ బాధ లేదు. ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు బస్తర్ వెళ్లి రాజ్యం స్థాపించాడని ఆ వంశం వాళ్లు చెప్పుకుంటారు. దంతేవాడలో 1703 నాటి దిక్పాలదేవుడి శాసనం ఆ మాటే చెబుతుంది. మూడున్నర శతాబ్దాల తర్వాత రాసుకున్నది కదా అని చరిత్రకారులు అనుమానపడ్డా, వరంగల్ మాత్రం అక్కున చేర్చుకుంది. 2022 జులైలో కాకతీయ వైభవ సప్తాహానికి బస్తర్ రాజవంశీకుడు కమల్‌చంద్ర భంజ్‌దేవ్ వస్తే భద్రకాళి గుడిలో, కోటలో ఎంత సందడి! మంచిదే. అయితే అదే కోటలోంచి వెళ్లి, సమకాలీనుల సాక్ష్యంతో, రాతి గుమ్మాల మీద పేరుతో, సమాధితో సహా దొరుకుతున్న మనిషిని తలుచుకోవడానికి ఒక్క పూట ఎందుకు దొరకలేదు? మతం మారాడనా? గెలిచినవాళ్ల పక్కన నిలబడ్డాడనా? ఢిల్లీవాళ్లకేమో ఆయన బయటివాడు. తిలంగానీ.

పేరుతో పనిలేకుండా గుర్తుండిపోయినవాళ్లూ ఉన్నారు. నల్గొండ జిల్లా చందుపట్లలో పువ్వుల ముమ్మడి అనే చిన్న బంటు 1289 నవంబరులో కాస్త భూమి దానమిచ్చి శాసనం వేయించాడు. రుద్రమదేవికీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని. ఆ నాలుగు పంక్తుల వల్లే రుద్రమ ఎప్పుడు పోయిందో లోకానికి తెలిసింది. ముమ్మడి ఎవరు, పిల్లలెందరు, ఏమయ్యాడు... ఒక్క ముక్క తెలియదు. మక్బూల్ విషయంలో తెలిసింది బోలెడు, కావలసిన ఒక్క పేరు తప్ప. ఆ పేరు కోసం పారశీక రాతప్రతుల్లో చుక్కలు లెక్కపెట్టేవాళ్లు, తెలుగు అవతారికలు ఓపిగ్గా చదివేవాళ్లు ఇద్దరూ ఒకే గదిలో కూర్చోవాలి. వరంగల్‌లో విశ్వవిద్యాలయానికి కాకతీయ పేరే ఉంది, ఆ గది ఇక్కడే ఉంటే బావుంటుంది.

ఈలోగా ఢిల్లీ వెళ్లే పని పడితే కాజీపేటలో దక్షిణ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కండి. ఆఖరి స్టేషన్ హజ్రత్ నిజాముద్దీన్. అక్కణ్నుంచి ఆటోలో కొద్ది దూరం. దర్గా దాటాక ఖాన్-ఇ-జహాన్ సమాధి అంటే అందరికీ తెలియకపోవచ్చు, కాలీ మసీదు అని అడగండి.